తీర్మానాల పుస్తకంలో నుంచి బయటికి రండి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపన్యాసాలు చెప్పేవాళ్లం కాదు. ఈ గూడేల్లో పుట్టి, హాస్టల్ పళ్లెంలో తిని, హాస్టల్ దీపం కింద చదువుకొని, టీచర్ ట్రైనింగ్ చేసి, మళ్లీ హాస్టల్‌కే వార్డెన్‌గా వచ్చినవాళ్లం. ఈ మాటల్లో ‘మేము’ అంటే వార్డెన్ ఒక్కరే అనుకోకండి. తెల్లవారుజామున పొయ్యి వెలిగించే వంట అక్కలు, రాత్రి గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ అన్న, జ్వరం చూసే ఏఎన్‌ఎం చెల్లె, పాఠం చెప్పే టీచర్లు, అందరం కలిపి మేము. మంచి జరిగితే అందరిదీ. తప్పు జరిగినా అందరిదీ. ఈ రోజు తప్పు గురించే ముందు చెప్పాలని వచ్చాం.

ఈ సభ ఆగస్టు 9న ఎందుకు పెట్టుకుంటున్నామో మన పిల్లలకు తెలియాలి. 1982లో ఆదివాసుల సమస్యల మీద ఐక్యరాజ్యసమితి వేసిన బృందం మొదటిసారి కూర్చున్న రోజు ఇది. 1994లో దీన్ని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించారు. అంటే మనం ఒక మీటింగును గుర్తు చేసుకోవడానికి మీటింగు పెట్టుకుంటున్నాం. నవ్వొచ్చినా, ఇందులో నేర్చుకోవాల్సింది ఉంది. ఆ మొదటి మీటింగుతోనే వాళ్లు ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఈ తేదీ ఎవరికీ గుర్తుండేది కాదు. ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకుంటే, 2007లో ఆదివాసుల హక్కుల ప్రకటన వచ్చింది. మొదటి మాటకూ ఆ కాగితానికీ మధ్య పాతికేళ్లు. మీటింగు తప్పు కాదు. మీటింగు అయిపోయాక లేచి వెళ్లిపోవడమే తప్పు.

ఇక మా సంగతి.

మేము ఇంతకుముందు పనిచేసిన ఒక హాస్టల్లో ఎర్ర అట్ట వేసిన తీర్మానాల పుస్తకం ఒకటి ఉండేది. నెలకోసారి కమిటీ కూర్చునేది. చాయ్, బిస్కెట్లు వచ్చేవి. అందరం మంచి మాటలే మాట్లాడేవాళ్లం. రాయడం మా పని. మా చేతిరాత బాగుంటుందని అందరూ అనేవాళ్లు కూడా. ‘చర్చించి తీర్మానించడమైనది’ అని రాసి, కింద అందరి సంతకాలు తీసుకొని, పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. తాళం వేయగానే ఏదో పని పూర్తి చేసినట్టు మనసుకు హాయిగా ఉండేది. ఆ హాయే మమ్మల్ని చెడగొట్టింది.

ఆ పుస్తకంలో రెండు తీర్మానాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఒకటి: ‘దసరా సెలవుల తర్వాత తిరిగి రాని పిల్లల ఇళ్లకు వెళ్లి తీసుకురావాలి.’ రెండోది: ‘బాత్‌రూమ్ తలుపులకు గడియలు పెట్టించాలి.’ మూడేళ్లలో ఈ రెండూ ఎన్నిసార్లు రాశామో తర్వాత లెక్కపెట్టుకుంటే సిగ్గేసింది. పాత పేజీ చూసి కొత్త పేజీలోకి ఎక్కించుకుంటూ పోయాం.

మన ప్రాంతం మీకు తెలుసు. దసరాకు పిల్లలు ఇళ్లకు పోతారు. ఆ వెనకే దండారి వస్తుంది. డప్పు మోగాక ఏ పిల్ల హాస్టల్లో కూర్చుంటుంది? అది మన పండుగ, పోవాల్సిందే. కానీ సరిగ్గా అప్పుడే పత్తి పగులుతుంది. ఏరడానికి చేతులు కావాలి. ఎనిమిదో తరగతి పిల్ల అంటే ఇంట్లో ఒక కూలి మనిషి మిగిలినట్టే. ‘ఈ వారం ఏరినంక పంపుతం’ అంటారు. ఆ వారం నెల అవుతుంది. నెల అయ్యాక పిల్లకే మొహం చెల్లదు. పాఠాలు ముందుకు పోయాయి, అందరూ అడుగుతారు అని భయం. అట్లా ఆగిపోయిన పిల్లలు ప్రతి గూడెంలో ఉన్నారు. ఈ సభలో కూర్చున్న అక్కల్లోనూ ఉన్నారు.

ఆ ఏడాది మా హాస్టల్ నుంచి గుట్ట మీది ఒక కొలాం గూడేనికి చెందిన పిల్ల సెలవుల నుంచి రాలేదు. ఎనిమిదో తరగతి. లెక్కల్లో చురుకు. మాట తక్కువ. రిజిస్టర్‌లో పేరుకు ఎదురుగా మేము ఆబ్సెంట్ వేశాం. మరుసటి రోజు వేశాం. నెలంతా వేశాం. నవంబర్ మీటింగులో ‘రాని పిల్లల ఇళ్లకు వెళ్లాలి’ అని రాశాం. డిసెంబర్‌లో మళ్లీ రాశాం. జనవరిలో పరీక్షల పని, జాతర సెలవులు. ఫిబ్రవరిలో, అదీ వేరే పని మీద ఆ వైపు వెళ్లినప్పుడు, ఎట్లాగూ వచ్చాం కదా అని గుట్ట ఎక్కాం.

పిల్ల లేదు. వాళ్ల మేనత్త ఊరికి పంపారు. ఇంక పెళ్లి మాటలు నడుస్తున్నాయని తెలిసింది. వాళ్ల నాయన మాకు మంచం వాల్చి, నీళ్లిచ్చి, కోపం లేకుండా ఒక మాట అన్నాడు.

“దండారి అయినంక మీరు వస్తరేమో అని చూసినం టీచరమ్మా. వారం చూసినం, ఇంకో వారం చూసినం. ఎవ్వలు రాలే. మా పిల్ల అక్కర లేదేమో అనుకున్నం.”

మేము వాళ్ల కోసం ఎదురుచూస్తున్నామని రిజిస్టర్‌లో రాసుకుంటుంటే, వాళ్లు గుమ్మంలో కూర్చొని మా కోసం ఎదురుచూశారు.

వస్తుంటే ఆ పిల్ల తల్లి వెనకాలే కొంతదూరం నడిచి వచ్చింది. మగవాళ్ల ముందు చెప్పలేని మాట అది. “దానికి రావాలనే ఉండె. పెద్దమనిషి అయినంక ఆ బాత్‌రూమ్‌కి పోవాలంటే భయమన్నది. తలుపుకు గడియ లేదంట. ఒకరిని బయట నిలబెట్టి పోవాలంట. అది ఎవరినీ అడగది, దాని గుణం మీకెరుకే.”

గుట్ట దిగేటప్పుడు మాలో ఎవరం మాట్లాడుకోలేదు. మా పుస్తకంలోని రెండు తీర్మానాలూ ఒక్క పిల్ల మీదనే వచ్చి పడ్డాయి. గడియ లేక పోయింది, మేము రాక ఆగిపోయింది.

ఆ మరుసటి వారం అంగడి రోజున మేమే ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్లాం. ఆరు తలుపులకు ఆరు గడియలు, స్క్రూలు. అన్నీ కలిపి ఐదు వందల రూపాయల లోపే. వాచ్‌మన్ అన్న సుత్తె తెచ్చాడు. వంట అక్క కొడుకు వచ్చి పట్టుకున్నాడు. సాయంత్రం చాయ్ తాగాక మొదలుపెడితే చీకటి పడేలోపు ఆరు గడియలూ బిగించేశాం. మూడేళ్ల తీర్మానం మూడు గంటల్లో అయిపోయింది.

ఆ రాత్రి మాకు సంతోషం కలగలేదు. అన్నం సయించలేదు. ఇంత తేలిక పనికా ఒక పిల్ల చదువు పోయింది అని.

ఎందుకు చేయలేదు అని తర్వాత మేము కూర్చొని ఒకరినొకరం నిజాయితీగా అడుక్కున్నాం. డబ్బు లేక కాదు. అధికారులు ఆపలేదు. మాకు దొరికిన కారణాలు ఇవి. మీ సంఘాలకు, మీ యువజన బృందాలకు కూడా ఇవే కారణాలేమో చూసుకోండి.

మొదటిది, తీర్మానంలో పని ఉంది గానీ మనిషి లేదు. ‘ఇళ్లకు వెళ్లాలి’ అని రాశాం. ఎవరు వెళ్లాలి? అందరూ. అందరి పని ఎవరి పనీ కాదు. టీచర్ వెళ్తారని వార్డెన్, వార్డెన్ వెళ్తారని టీచర్.

రెండోది, తేదీ లేదు. ‘త్వరలో’, ‘వీలైనంత తొందరగా’ అని రాశాం. క్యాలెండర్‌లో ‘త్వరలో’ అనే రోజు ఏ నెలలోనూ కనిపించదు.

మూడోది, చిన్న పనిని పెద్దది చేసి పెట్టుకున్నాం. గడియలు అనకుండా ‘బాత్‌రూమ్‌ల పూర్తి మరమ్మతు’ అన్నాం. టైల్స్, పైపులు, రంగులు అన్నీ కలిపి అంచనా వేయించి కాగితం పంపాం. పెద్ద కాగితం కదలలేదు. అది కదలలేదు కాబట్టి మా చేతులూ కదలలేదు. ఆ కాగితం ఏమైందని మేము మళ్లీ అడగను కూడా లేదు.

నాలుగోది చెప్పడానికి కష్టంగా ఉంది. మాట్లాడితే మాకు గౌరవం దొరికేది. మీటింగులో బాగా మాట్లాడినవాళ్లకు చప్పట్లు. స్క్రూ బిగించినవాళ్లకు ఎవరు చప్పట్లు కొడతారు? మన సభల్లో కూడా చూడండి. శాలువా కప్పేది ఎవరికి, కుర్చీలు సర్దేది ఎవరు, ఫ్లెక్సీ మీద ఫోటో ఎవరిది?

ఇట్లా చెప్పుకుంటూ పోతే మనవాళ్లకు పని చేయడం రాదు అనుకుంటారేమో. అది అబద్ధం. పని నడిపించడం మన పెద్దలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దానికి మూడు ఉదాహరణలు, మూడూ మన కళ్ల ముందున్నవే.

కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. మెస్రం వంశం వాళ్లు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు తేవడానికి కాలినడకన పోతారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. ఆ రాత్రి ఏ ఏడాదీ వాయిదా పడదు. ఝరి ఎవరు మోయాలి, దారిలో ఎక్కడ ఆగాలి, ఏ ఇంటివాళ్లు ఏం చేయాలి, ఆడబిడ్డలు, కోడళ్లు ఏం చేయాలి, అన్నీ ముందే ఖాయం. ఎవరి చేతిలోనూ కాగితం ఉండదు. మనిషి ఖాయం, తేదీ ఖాయం, దారి ఖాయం. మా ఎర్ర అట్ట పుస్తకంలో లేనివి సరిగ్గా ఈ మూడే. గుడి సంగతి కూడా అంతే. పెద్ద గుడి కట్టుకోవాలనుకున్నప్పుడు మెస్రం వంశస్థులు ఎవరో వచ్చి కట్టిస్తారని కూర్చోలేదు. తమలో తామే చందాలు వేసుకొని, ఏళ్ల తరబడి ఓపికగా రాతి గుడి లేపారు. 2022 డిసెంబర్‌లో దాన్ని ప్రారంభించుకున్నారు. పత్తి అమ్మిన డబ్బులో నుంచి తీసి పక్కన పెట్టిన ఇళ్లు అందులో ఎన్నో ఉంటాయి.

రెండోది మార్లవాయి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, ఇక్కడి ఆదివాసుల బాధ ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకొని మనవాళ్ల మధ్య బతికారు. రిపోర్టు రాసి ఇచ్చి వెళ్లిపోవచ్చు. చదువు లేదు, బడులు కావాలి అని రాస్తే సరిపోయేది. కానీ బడి పెట్టాలంటే టీచర్ కావాలి. గోండు పిల్లలకు గోండి మాట్లాడే టీచర్ కావాలి. అట్లాంటి టీచర్ అప్పటికి లేరు. అందుకని 1943లో మార్లవాయిలోనే గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. దేవనాగరి అక్షరాల్లో గోండి వాచకాలు తయారయ్యాయి. ఆ యువకులే తర్వాత గూడేల్లో బడులు నడిపారు. మేము టీచర్ ట్రైనింగ్ చేసినప్పుడు మా పుస్తకాల్లో ఎందరో విద్యావేత్తల పేర్లు చదివాం. మన జిల్లాలోనే ఇంత పని జరిగిందన్న సంగతి మాత్రం ఉద్యోగంలో చేరాకే తెలిసింది. 1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. పిల్లలను తీసుకెళ్లి చూపించండి. సమాధికి దండ వేయించడంతో ఆపకుండా, మొదట ఏ పని చేశారో కూడా చెప్పండి. ‘అందరికీ చదువు’ అనే పెద్ద మాటలో నుంచి ‘కొందరు యువకులకు ట్రైనింగ్’ అనే చిన్న పని తీసి, దాంతో మొదలుపెట్టారు.

మూడోది గుంజాల. ఆ ఊళ్లో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయి. సంబరపడి, పేపర్లో ఫోటో వేయించుకొని ఊరుకోలేదు. ఊరివాళ్లు, పండితులు కలిసి అక్షరాలను గుర్తించారు, నేర్పించారు, కంప్యూటర్‌లో రాసేలా చేశారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ అక్షరాలకు ఇప్పుడు ప్రపంచంలోని కంప్యూటర్లలో చోటు ఉంది. మన పిల్లల నోట్‌బుక్కుల్లో చోటు ఉందా? ఈ సభలో ఉన్న పిల్లల్లో ఆ లిపిలో తమ పేరు రాయగలిగినవాళ్లు చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయి? పెద్దలు తమ వంతు చేశారు. ఇది మన వంతు.

ఇప్పుడు గడియలు పెట్టాక మేము ఏం చేశామో చెబుతాం. అన్నీ గెలిచాం అనుకోకండి.

మొదట ఉత్సాహం ఎక్కువైంది. ఒకేసారి పది పనుల పట్టిక వేశాం. పెరటి తోట, లైబ్రరీ, గోండి తరగతి, పాత విద్యార్థినుల సభ, గోడల మీద బొమ్మలు, ఇట్లా. చార్టు కాగితం మీద రంగు పెన్నులతో రాసి గోడకు అంటించాం. మూడు నెలల తర్వాత చూస్తే చార్టు మూలలు ఊడిపోయాయి. పెరటి తోటలో వేసిన నారు మేకలు తిన్నాయి, ఎందుకంటే కంచె వేయడం ఎవరి పనో రాయలేదు. మళ్లీ అదే జబ్బు. అప్పుడు చార్టు చింపేసి ఒక నియమం పెట్టుకున్నాం. ఒక్కసారికి ఒక్క పని. ఆ పనికి ఒక మనిషి పేరు, ఒక తేదీ. మొదటి అడుగు ఆ రోజు సూర్యుడు మునిగేలోపు పడాలి. మొదటి అడుగు ఎంత చిన్నదైనా సరే. ఫోన్ చేయడం కావచ్చు, కొలత తీసుకోవడం కావచ్చు, ఒక పేరు రాసుకోవడం కావచ్చు.

మొదటి పనిగా సెలవుల తర్వాత పిల్లలను తీసుకురావడాన్నే పట్టుకున్నాం. దసరా సెలవులు ఇచ్చే ముందు రోజే ప్రతి పిల్లను కూర్చోబెట్టి రాసుకుంటాం. ఇంటికి దారి ఎట్లా, బస్సు ఎక్కడిదాకా పోతుంది, అక్కడి నుంచి ఎంత నడవాలి, ఇంట్లో ఫోన్ లేకపోతే సిగ్నల్ దొరికే చోట ఎవరి ఫోన్ ఉంది, తిరిగి ఎవరు తీసుకొస్తారు. గూడేలను మాలో మేము పంచుకుంటాం. వంట అక్కది ఏ వైపు ఊరో ఆ వైపు గూడేలు అక్కవి. వాచ్‌మన్ అన్నది ఏ వైపో ఆ వైపు అన్నవి. హాస్టల్ తెరిచిన మూడో రోజు సాయంత్రం రిజిస్టర్ చూస్తాం. నాలుగో రోజు ఫోన్లు. ఐదో రోజు బండి తీస్తాం. పటేల్ ఇంటి దగ్గర ఆగి, ఆయన్ను వెంటబెట్టుకొని ఇంటికి వెళ్తాం. టీచరమ్మ ఒక్కతే పోతే అది బడి మాట. పటేల్ కూడా వస్తే అది ఊరి మాట.

మొదటి ఏడాది ముప్పై మందికి పైగా పిల్లలు ఐదో రోజుకు రాలేదు. అందరి ఇళ్లకూ వెళ్లాం. ఎక్కువమంది వెంటనే వచ్చారు. కొందరు పత్తి ఏరుడు అయ్యాక వస్తామని తేదీ చెప్పారు. ఆ తేదీ రాసుకొని, ఆ రోజే మళ్లీ వెళ్లాం. ఇద్దరు రాలేదు. ఆ ఇద్దరి పేర్లు మాకు ఇంకా గుర్తున్నాయి. కానీ ఆ ఏడాది ఏ ఇంట్లోనూ ‘మీరు వస్తరని చూసినం’ అనే మాట వినలేదు.

ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాక మాకు తెలియని సంగతులెన్నో తెలిశాయి. చెప్పులు తెగిపోయి రాని పిల్ల ఉంది. పెట్టె తాళం పోయి, తిడతారని రాని పిల్ల ఉంది. తమ్ముడిని చూసుకునేవాళ్లు లేక ఆగిన పిల్ల ఉంది. మీటింగుల్లో మేము ఈ కారణాలను ‘తల్లిదండ్రుల్లో అవగాహన లోపం’ అని రాసేవాళ్లం. అవగాహన లోపం వాళ్లది కాదు, మాది.

రెండో పని భాష. చిన్న తరగతుల్లో చేరే పిల్లలకు తెలుగు సరిగ్గా రాదు. ఒకసారి ఒకటో తరగతి గోండు పిల్ల మధ్యాహ్నం ‘ఏర్, ఏర్’ అని ఏడుస్తుంటే, కొత్తగా వచ్చిన ఆయమ్మ ‘ఏటికి పోతా అంటుంది’ అని తలుపు వేసి కూర్చోబెట్టింది. గోండిలో ఏర్ అంటే నీళ్లు. పిల్ల దాహంతో ఏడుస్తోంది. కొలామిలో అయితే నీళ్లను ‘ఈర్’ అంటారు. గోండి నిఘంటువు తయారు చేయాలని మన సంఘాలు అనుకుంటూనే ఉన్నాయి, చేయాలి కూడా. అది అయ్యేదాకా పిల్లకు దాహం ఆగదు కదా. అందుకని పెద్ద తరగతుల అమ్మాయిలతోనే వారానికి పది మాటలు గోండి, కొలామి, తెలుగులో రాయించి వంటింటి గోడకు అంటించడం మొదలుపెట్టాం. నీళ్లు, అన్నం, కడుపునొప్పి, భయం, ఇంటికి పోతా, ఇట్లాంటి మాటలు ముందు. వంట అక్కలు, ఆయమ్మలు, టీచర్లు అందరూ చదువుకోవాలి. వారం మారితే కాగితం మారుతుంది. పాతవి పారేయకుండా పుస్తకంగా కుట్టాం. చూస్తే అది మా చిన్న నిఘంటువే.

మూడో పని తిండి. మన ఆడపిల్లల్లో రక్తం తక్కువ. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర పిల్లలు నాలుక కింద దాచి బయట ఊసేసేవాళ్లు, కడుపులో తిప్పుతుందని. తిన్న తర్వాత, మా ముందే, మేమూ వాళ్లతో కూర్చొని మాట్లాడుతూ వేయించడం మొదలుపెట్టాం. ఆవరణలో మునగ కొమ్మలు నాటాం, ఈసారి కంచె వేశాకే. పప్పులో మునగాకు పడుతోంది. ఇప్పపువ్వు మన పాత తిండి అని సభల్లో అందరం చెప్పుకునేవాళ్లమే. ఉట్నూరులో మన ఆదివాసీ మహిళలు మాత్రం సహకార సంఘంగా కలిసి ఇప్పపువ్వు లడ్డూలు చేసి చూపించారు. అట్లాంటి అక్కలను ఈ వేదిక మీదికి పిలిచి మాట్లాడించండి. మాకంటే వాళ్ల దగ్గర నేర్చుకునేది ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘మీ పని మీరే చేసుకోండి’ అని మేము సర్కారును వదిలేయమనడం లేదు. రోడ్డు మనం వేసుకోలేం. డాక్టర్ పోస్టు మనం నింపలేం. పోడు పట్టా మనం రాసుకోలేం. ఇవి సర్కారు చేయాల్సినవి, చేసి తీరాల్సినవి. కానీ అడగడం కూడా ఒక పనే, దాన్ని పని లాగే చేయాలి. నినాదం ఇచ్చి ఊరుకుంటే అడిగినట్టు కాదు. దరఖాస్తు రాయాలి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి, ఎవరి పేరు మీద ఉందో రాసుకోవాలి, పదిహేను రోజులకు మళ్లీ వెళ్లాలి, మళ్లీ వెళ్లేది ఎవరో ముందే అనుకోవాలి. బాత్‌రూమ్‌ల మరమ్మతు కాగితం పట్టుకొని మేము అట్లా తిరిగాక అదీ కదిలింది. గడియలు మనం పెట్టుకున్నాం, పైపులు వాళ్లు వేయించారు. రెండూ కావాలి.

పెద్దలారా, ఈ సభ ముందు మేము మూడు పనులు పెడుతున్నాం. ఇవి తీర్మానాలుగా రాయొద్దని మనవి. ఇక్కడే, భోజనాలకు లేచేలోపే మొదలుపెడదాం.

ఒకటి. ప్రతి గూడెం నుంచి వచ్చినవాళ్లు ఒక కాగితం తీసుకొని, మీ గూడెంలో బడికి పోవాల్సిన వయసులో ఉండి పోని పిల్లల పేర్లు రాయండి. రాయడం రానివాళ్లకు మా హాస్టల్ పిల్లలు రాసిపెడతారు, పెన్నులతో సిద్ధంగా ఉన్నారు. ప్రతి పేరు పక్కన ఆ ఇంటికి వెళ్లే మనిషి పేరు ఉండాలి. వెళ్లే రోజు ఉండాలి.

రెండు. రాయ్ సెంటర్లలో కూర్చునే సార్మెడి పెద్దలను వేడుకుంటున్నాం. తగాదాలు తీర్చేటప్పుడు మీ మాటకు ఉన్న బరువు మాకు లేదు. దసరా, దండారి ముగిసిన మొదటి కూర్చునే రోజున ‘మన ఊరి పిల్లలు హాస్టల్‌కు చేరారా’ అని ఒక్క ప్రశ్న అడగండి. చేరని పిల్ల ఉంటే ఎవరు తీసుకుపోవాలో అక్కడే చెప్పండి. దండారి పెట్టే తేదీని ఎట్లా ఊరంతా గుర్తుపెట్టుకుంటుందో, పిల్లలు తిరిగి వెళ్లే తేదీని కూడా అట్లా గుర్తుపెట్టుకోవాలి.

మూడు. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వాట్సాప్‌లో భాష గురించి, లిపి గురించి రోజూ మంచి మాటలు పంపుతున్నారు. అవి చదివి మాకూ సంతోషమే. మీలో గుంజాల లిపి వచ్చినవాళ్లు ఒక్కరు, మీకు దగ్గరలో ఉన్న ఒక్క హాస్టల్‌కు, నెలలో ఒక్క ఆదివారం రండి. పిల్లలకు వాళ్ల పేర్లు రాయడం నేర్పండి. పేరుతో మొదలుపెడితే చాలు. మా గేటు తెరిచే ఉంటుంది, మధ్యాహ్నం భోజనం మాది.

వచ్చే ఏడాది ఇదే సభలో మమ్మల్ని మళ్లీ మాట్లాడమని పిలవకపోయినా ఫర్వాలేదు. ఈ కాగితాల మీది పేర్లు మాత్రం చదవండి. ఎవరు చేరారు, ఎవరు చేరలేదు అని. మేము చేయని పని ఉంటే మా పేరూ చదవండి. సిగ్గుపడతాం గానీ బాధపడం.

చివరగా ఆ కొలాం పిల్ల సంగతి. ఆ పిల్ల తిరిగి రాలేదు. పెళ్లయింది. ఈ మాట మేము ఎంత బాగా చెప్పినా ఆ తప్పు తుడుచుకుపోదు. రెండేళ్ల తర్వాత వాళ్ల నాయన రెండో బిడ్డను చేయి పట్టుకొని తీసుకొచ్చాడు. చేర్చుకునే కాగితాలు రాస్తుంటే ఆ పిల్ల లేచి ఎటో పోయింది. వెతుక్కుంటూ వెళ్తే బాత్‌రూమ్ దగ్గర ఉంది. గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూస్తోంది. అక్క చెప్పి పంపిందట, ముందు అది చూడమని. చూసి వచ్చి, నాయన పక్కన నిలబడి, “ఉంటా” అంది.

ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఈ సభలోనే ఉంది. పెన్నులు పట్టుకొని నిలబడ్డవాళ్లలో ఒకతె. మీ గూడెం పిల్లల పేర్లు ఆమెతోనే రాయించుకోండి.